పంపే ముందు

పదేపదే విన్నమాట నిజమనిపిస్తుంది. 1977లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపిన సంగతిది. 2020లో, నిజాముద్దీన్ మర్కజ్ తర్వాత, దాని ఖరీదు మేం కట్టాం. పండ్లకు ఉమ్మి పూస్తున్నారంటూ పాత వీడియోలు సెల్‌ఫోన్లలో తిరిగాయి. పంపినవాళ్లంతా ద్వేషంతోనే పంపలేదు. భయాన్ని పంచితే గుండె బరువు తగ్గుతుంది. ఆ బరువు మా తోపుడుబండ్ల మీద పడింది.

ఆ ఏప్రిల్‌లోనే వాట్సాప్, బాగా తిరిగిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపేలా కట్టడి చేసింది. వేలికి కట్టడి సరే, మనసుకో? భయపడి పంపానంటే తప్పు మాసిపోతుందా? పోదంటాం. విచారించే తీరిక లేనివాడికి పంపే తీరిక ఎక్కడిది?

ఈ ప్రశ్న మావాళ్లకూ వేస్తున్నాం. దుష్టుడు తెచ్చిన వార్తను విచారించుకోమంది ఖురాన్. మన మనసుకు నచ్చిన వార్తనైతే మరింత విచారించాలి.