గట్టివాళ్ళకి పెట్టె ఎందుకు?

“ఆవిడ గట్టి మనిషమ్మా, ఏదొచ్చినా తట్టుకుంటుంది” అని ఎవరినైనా మెచ్చుకోవటం వింటే నాకు కాస్త భయం వేస్తుంది. ఆ ఒక్క మాటా అనేశాక ఇంక ఆవిడ సంగతి ఎవరూ పట్టించుకోరు. గట్టిగా ఉన్నందుకు దక్కే బహుమానం ఇదేనా? బలం ఉన్నవాళ్ళకి భద్రం అక్కర్లేదా? ఈ ప్రశ్నకి నాకు జవాబు దొరికింది ఏ పురాణంలోనూ కాదు, ఒక అట్టపెట్టెలో.

అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి మా మనవడు రాకెట్ల పిచ్చిలో ఉన్నాడు. నిజం రాకెట్లు కావు లెండి, మూరెడు పొడుగు నమూనాలు. అయినా నిజంగానే ఎగురుతాయి. 1954లో నెబ్రాస్కా రాష్ట్రంలో బూట్ల దుకాణం నడుపుకునే ఆర్విల్ కార్లైల్ అనే ఆయనా, ఆయన సోదరుడు రాబర్టూ కలిసి ఈ సరదాకి శ్రీకారం చుట్టారు. కాగితపు గొట్టం ఒళ్ళు, బల్సా అనే తేలిక కర్రతో తోక రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు. వీటిని లోహంతో చెయ్యకూడదని నియమం. అడుగున చిన్న మందుగుండు మోటారు. దూరంగా నిలబడి కరెంటు తీగతో అంటిస్తే, కొన్ని వందల అడుగులు దూసుకుపోయి, పారాచూట్ విప్పుకుని దిగివస్తుంది.

వాటిని ఎగరేసే మైదానం ఇంటికి గంట ప్రయాణం. ఆ గంట కోసం వాడు రెండు రోజులు కూచుని పెట్టె చేశాడు.

“ఆకాశానికి ఎగిరేదానికి కార్లో కూచోవటానికి ఇంత భోగమేమిట్రా?” అన్నాను నవ్వుతూ.

“పైకి లేచేటప్పుడు తన బరువుకి పది రెట్లు మించిన తోపుని కూడా తట్టుకుంటుంది అమ్మమ్మా. పక్కనుంచి చిన్న దెబ్బ తగిలిందా, రెక్క ఊడిపోతుంది” అన్నాడు.

ఆ మాట నాలో నిలిచిపోయింది. అట్ట గొట్టాన్ని నిలువుగా నిలబెట్టి పైన నాలుగు పుస్తకాలు పెట్టండి, మోస్తుంది. పడుకోబెట్టి బొటనవేలితో నొక్కండి, సొట్ట పడుతుంది. గొట్టం అదే, బలమూ అదే. దెబ్బ వచ్చే దిక్కే వేరు.

ఇంతకీ వాడి పెట్టె ఎలా ఉందంటారా? పొడుగాటి అట్టపెట్టెలో అడ్డంగా రెండు స్పాంజి పలకలు నిలబెట్టాడు. వాటి పై అంచున నెలవంకలా గంట్లు కోశాడు. రాకెట్టు ఒళ్ళు ఆ గంట్లలో ఆనుతుంది, రెక్కలు మాత్రం దేనికీ తగలకుండా గాల్లోనే ఉంటాయి. ఒకదాని తల ఇటు, పక్కదాని తల అటు. కుదుపుకి లేవకుండా మూత లోపల ఇంకో స్పాంజి ముక్క. మోటార్లు వేరే డబ్బాలో, ఎండ తగలని చోట. రెక్కల చుట్టూ పాత చీర ముక్కలు కుక్కరాదా అంది మా అమ్మాయి. “వద్దమ్మా, ఆ కుక్కుడికే విరుగుతాయి” అన్నాడు.

మా బంధువుల్లో ఒకావిడ ఉంది. భర్త పోయిననాడు ముగ్గురు పిల్లల్నీ, అప్పుల్నీ భుజాన వేసుకుని అందర్నీ ఒడ్డెక్కించింది. ఆవిడ కంట నీరు చూసినవాళ్ళు లేరు. అలాంటిది కొడుకు పెళ్ళిలో ఎవరో “మీరు కాస్త పక్కకి జరగండి, ముత్తైదువలు రావాలి” అన్నారు. అంతే, వంటింట్లోకి వెళ్ళి కుప్పకూలి ఏడ్చింది. “అంత కష్టం తట్టుకున్న మనిషి ఇంత చిన్న మాటకా!” అని అందరూ వింతగా చూశారు. వింతేముంది? మొదటి దెబ్బకి ఆవిడ ఎదురు నిలబడింది. రెండోది పక్కనుంచి వచ్చి తగిలింది.

అలాగని గట్టివాళ్ళని పెట్టెలో పెట్టి తాళం వెయ్యమనటం లేదు. జాలి పేరుతో చుట్టూ గుడ్డలు కుక్కితే అదీ విరిచేదే. పెట్టె ఎగరనివ్వకుండా ఆపటానికి కాదు, ఎగిరే చోటుదాకా విరక్కుండా చేర్చటానికి. ఆనిక ఇవ్వాల్సిన చోట ఇవ్వాలి, తగలకూడని చోట తగలకుండా ఉండాలి. ఈ రెండూ తెలియటమే ఆదరణ అని నా మట్టుకు నాకు అనిపిస్తుంది.

మీ ఇంట్లోనూ ఒక గట్టి మనిషి ఉండే ఉంటుంది. అత్తగారో, అక్కో, బహుశా మీరేనేమో! ఆవిడ ఎంత బరువు మోయగలదో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎక్కడ తగిలితే విరుగుతుందో తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?