మల్లన్న సన్నిధిని ఒగ్గు నాదము

13వ శతాబ్దమున దేవగిరి యాదవరాజుల ఆశ్రయమున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు నాదమును అనాహతమనియు ఆహతమనియు విభజించి, మొదటిది యోగులకు మాత్రమే గోచరించి ముక్తి నొసగుననియు, వాద్యమునుండియు కంఠమునుండియు పుట్టు రెండవది సామాన్యజనుల హృదయములను అలరించుచునే వారిని సంసారబంధమునుండి విడిపింపగలదనియు నిరూపించినాడు. ఈ రెండవ నాదము ఉపాసనయగుట ఎట్లో తెలిసికొనగోరువారు సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లికి పోవలెను.

అచట కొండచరియను మేడలమ్మ, కేతమ్మలతో కొలువైయున్న మల్లికార్జునస్వామిని జనులు మల్లన్నయని చనువుగా పిలుచుకొందురు. సంక్రాంతి మొదలు ఉగాది వరకు ఆదివారములందు జాతర జరుగును. బోనములెత్తుకొని వచ్చిన కుటుంబమువారు మ్రొక్కు చెల్లింప గూర్చుండగా, ఒగ్గు పూజారి పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపొడి వ్రేళ్ల సందునుండి జారవిడుచుచు నేలపై పట్నమను రంగుల ముగ్గు వేయును. డోలు మ్రోగుచుండ, తాళము కలియుచుండ, ఒగ్గు గలగలలాడుచుండ, స్వామి కథాగానము సాగుచుండును. పాట లేక పట్నము లేదు. రంగులు రేఖలగుచున్నంతసేపును నాదమే వానికి ప్రాణము పోయుచున్నదని చూచువారికి తోచక మానదు. మహాశివరాత్రినాడు వేయు పెద్దపట్నము సంగతి చెప్పనక్కరలేదు. అంత శ్రద్ధతో నిలిపినదానిని భక్తులు తుదకు తొక్కి దాటుదురు. దానికై వగచువాడొక్కడును లేడు. పలికిన స్వరము నిలువదు, వేసిన పట్నమును నిలువదు, మరుసటి మ్రొక్కుకు రెండును మరల పుట్టవలసినదే.

ఒగ్గు శివుని డమరువు. పాణినీయమునకు మూలమైన పదునాలుగు మాహేశ్వరసూత్రములు ఆ డమరునాదమునుండియే వెలువడెనని వైయాకరణులు విశ్వసింతురు. పండితులకు అక్షరసమామ్నాయము నొసగిన ఆ వాద్యమే, బడి మెట్లెక్కని కురుమ, గొల్ల కుటుంబములవారికి గురుముఖమున రాత్రులతరబడి సాగు మహాకథలను ప్రసాదించినదనుట నాకు అత్యంత పావనమైన విషయముగా కనబడుచున్నది.

మల్లన్న గానము నేటిది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శివరాత్రికి శ్రీశైల మల్లికార్జునుని దర్శింపబోవు భక్తుల గానములను, తుమ్మెదపదములు, పర్వతపదములు, వెన్నెలపదములు మొదలగువానిని పేర్కొనినాడు. కొమురవెల్లికి పొరుగుననున్న జనగామ ప్రాంతమువాడు, ఒగ్గుకథకు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును సాధించి 2017లో పరమపదించిన చుక్క సత్తయ్య ఆ గానపరంపరకు మన కాలపు ప్రతినిధి. ఆయన వేదికలెక్కినను విద్య చెడలేదు. కాని వేదికయెదుట కూర్చున్న ప్రేక్షకునికి మ్రొక్కు లేదు. కొమురవెల్లిలో పసుపు బండారి నొసట ధరించి తెల్లవారువరకు కూర్చున్న ముదుసలికి వినుటయే నైవేద్యము. ప్రహ్లాదుడు తొమ్మిది భక్తిమార్గములను చెప్పుచు శ్రవణమును మొట్టమొదట నిలిపినదియు ఇందులకే కాబోలు. పాడువానితో సమానముగా వినువాడును అర్చకుడే యగుచున్నాడు.

ఇటీవల కాలము చాలదని కథను కుదించి, పట్నము ముగిసినంతనే లేచిపోవు కుటుంబములు పెరుగుచున్నవి. కుదించి చెప్పమన్న కథ కుదించియే అభ్యసింపబడును. శిష్యునికి గురువు సంపూర్ణముగా నేర్పుటకు వినువాడు కావలెను. మ్రొక్కు మ్రొక్కినవారు ఆ ఒక్క రాత్రియైనను మల్లన్న కల్యాణకథను ఆసాంతము చెప్పించుకొని వినవలెనని నా ప్రార్థన.