ఇవ్వనిదాన్ని తీసుకోవడం

జడ్చర్ల మండలం ఆల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి ఉంది. ఇటుకలతో కట్టిన పాత జైన ఆలయం. జైనం దొంగతనాన్ని చాలా సూటిగా నిర్వచించింది: అదత్తాదానం, అంటే ఇవ్వనిదాన్ని తీసుకోవడం. గోడకు కన్నం వేశాడా, జేబు కత్తిరించాడా అని అక్కడ ఎవరూ అడగరు. సొమ్ముగలవాడు ఇచ్చాడా లేదా, అదొక్కటే ప్రశ్న. గృహస్థుడి అస్తేయ వ్రతాన్ని చెడగొట్టే తప్పులు ఐదని ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం లెక్క చెప్పింది. దొంగను పురమాయించడం, దొంగసొత్తు తీసుకోవడం వాటిలో ఉన్నాయి. దొంగ తూకమూ, ఒకదాన్ని ఇంకొకటిగా చూపి అంటగట్టే ప్రతిరూపక వ్యవహారమూ వాటి సరసనే ఉన్నాయి. ఫోన్‌లో సరుకులు కొనేవారి ఖాతాల్లోంచి నెలనెలా జారిపోయే చందా డబ్బును కూడా ఇదే కొలతతో కొలవాలి.

నమ్మకమున్న దుకాణం సైటులో చెప్పులకో చీరకో డబ్బు కడతాం. ఆర్డరు ఖాయమైందన్న మాట వెంటే తెరమీద ఇంకో పెట్టె తెరుచుకుంటుంది. తర్వాతి కొనుగోలుపై తగ్గింపు అని పెద్ద అక్షరాలు, కింద నిండు పసుపు బటన్. మొదటి నెల దాటాక ప్రతి నెలా డబ్బు కోత పడుతుందన్న సంగతి మాత్రం ఆ బటన్ కింద బూడిదరంగులో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అమెరికా సెనేట్ కమిటీ ఒకటి 2009లో ఈ వ్యాపారాన్ని తవ్వితీసింది. పేరున్న రిటైల్ సైట్లు కొన్నవారి కార్డు వివరాలను, వారు మళ్లీ ఇవ్వకుండానే, వెబ్‌లాయల్టీ, అఫీనియన్, వెర్‌ట్రూ వంటి కంపెనీలకు అందించేవి. తాము సభ్యులమన్న సంగతే చాలామందికి తెలియదు. 2010లో చట్టం తెచ్చి ఆ చేతిమార్పిడిని ఆపాల్సి వచ్చింది.

నొక్కింది మీరే కదా, చదువుకోవాల్సింది అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టెయ్యలేం. చదవకుండా సంతకం పెట్టినవాడికి ఏ బాధ్యతా లేదంటే లోకంలో ఏ ఒప్పందమూ నిలవదు. అయితే ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అని మన 1872 నాటి కాంట్రాక్టు చట్టమే అంటుంది. కొన్నవాడు ఒప్పుకున్నది తగ్గింపుకు, అమ్మినవాడు రాసుకున్నది చందాకు. ఆ తేడా అమ్మేవాడికి తెలుసు, తెలిసే అక్షరాన్ని చిన్నది చేశాడు. బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లికాయ బస్తా కాంటా ఎక్కినప్పుడు రైతు పక్కకు చూశాడనుకోండి. అతను చూడలేదు కాబట్టి తప్పుడు తూకం సరైనదైపోయిందని ఎవరమైనా అంటామా? మొత్తం చిన్నదే కదా అనడానికీ ఇదే జవాబు.

దుకాణం చోటిచ్చిందే తప్ప డబ్బు తీసుకున్నది వేరే కంపెనీ అనే వాదన మరీ బలహీనం. ఆ బటన్ మీద వేలు పడేలా చేసింది దుకాణం పేరే. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నమ్మకాన్ని అది ఇంకొకరి సరుకుకు ముసుగుగా తొడిగింది. ప్రతిరూపక వ్యవహారం అంటే సరిగ్గా ఇదే. వాటా కూడా పుచ్చుకుంటే పురమాయించిన తప్పూ తోడవుతుంది.

మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మోసపు డిజైన్లను గుర్తించి నిషేధించింది. చందా ఉచ్చు అందులో ఒకటి. చందా మానుకోవడాన్ని కష్టం చేయడమూ ఉచ్చు కిందికే వస్తుంది. నెలనెలా కోత పడేముందు కనీసం 24 గంటల ముందు సందేశం పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. అంటే మొదటి నొక్కుతోనే ఇవ్వడం ముగిసిపోలేదు, ప్రతి నెలా వద్దనే హక్కు మిగిలే ఉంది. చేరడానికి ఒక్క బటన్ పెట్టినవాళ్లు, మానడానికి మెనూలో మెనూ దాచి, చివర నిజంగా వదులుకుంటారా అని మూడుసార్లు అడుగుతారు. అక్కడ విసిగి ఫోన్ పక్కన పెట్టేసినవాడు ఆ నెల డబ్బు ఇవ్వలేదు.