సూది కాయకము



పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణుల పేర్లను ఒక్కమారు స్మరింపుడు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. సూజికాయకద రామితందె సూదితో కుట్టి జీవించెను; కన్నడమున సూజి యనగా సూదియే. ఈ పేర్లన్నిటను వృత్తి ముందును, వ్యక్తి వెనుకను నిలిచియున్నవి. లోకులు పేరునకు ముందు బిరుదము తగిలించుకొందురు. శరణులకు చేతిపనియే బిరుదమైనది.

రామితందె సూది నేడు ఎచ్చటనున్నదని అడిగినచో, అది అనేక స్థలములందున్నది. విజయవాడ ఆటోనగరు మొదలుకొని చిన్న పట్టణముల బస్టాండు సందుల వరకు, ఆటోలకును మోటారు సైకిళ్లకును కార్లకును సీటు కవర్లు కుట్టు దుకాణములు కలవు. అట్టి దుకాణమున పని నేర్చుకొనుటకు క్రొత్తగా చేరిన యొక యువకుని మనస్సున నిలుపుకొందము. కాయకమను మాటను వేదికలపై విని తలయూపుట సులభము. అది యెట్టిదో తెలియవలెనన్న ఆ పిల్లవాని చేతులను చూడవలెను.

వానికి మొదటి దినముననే మిషనుపై కూర్చుండవలెనని ఉబలాటము. మేస్త్రి వానికొక బ్లేడు నిచ్చి పాత కవరు ముందు కూర్చుండబెట్టును. కుట్లు విప్పుటయే తొలి పాఠము. తొందరపడి చింపినచో కొలత పోవును. ముక్కలను విడదీయుటకు ముందే ఒక్కొక్క దాని వెనుక సంఖ్య వేయవలెను. కుడి యెడమలు వ్రాయవలెను. రెండు ముక్కలు కలిసిన తావులను గాట్లతో గుర్తింపవలెను. ఇంత చేసినను పాత కవరును పూర్తిగా నమ్మరాదు. అది యేండ్ల తరబడి మనుష్యుల బరువునకు సాగియుండును గనుక, కొలతలను సీటుపై పెట్టి మరల సరిచూచుకొనవలెను. పాత కవరు ఇంకొక సంగతియు చెప్పును. నడుపువాడు ఎక్కుచు దిగుచు రాచుకొను అంచు అన్నిటికంటె ముందు చిరిగియుండును. క్రొత్త కవరులో బలము ఎచ్చట కావలెనో ఆ చిరుగే చూపును. పంచాచారములలో భృత్యాచారమని యొకటి కలదు గదా! తనకంటె ముందు చేసినవాని పనియెదుట వంగి కూర్చుండి, దాని గుణమును దోషమును గ్రహించుట భృత్యాచారమునకు చక్కని అభ్యాసము.

పిదప రెక్సిను వానికి గురువగును. నూలుబట్టపై తప్పుగా పడిన కుట్టును విప్పినచో రంధ్రము చాలవరకు పూడిపోవును. రెక్సినుపై పడిన రంధ్రము శాశ్వతము. గుండుసూది గ్రుచ్చినను అంతే. అందుచేత ముక్కలను క్లిప్పులతో పట్టియుంచుదురు. పలకపై వ్రాసి తుడుచుట కలవాటుపడిన చేతికి ఇది మిక్కిలి కష్టము. ఇంకను, కుట్టు ఎంత దగ్గరగా పడిన అంత గట్టిదని క్రొత్తవాడు తలచును. ఆ తలపు తప్పు. తపాలా బిళ్లల నడుమ వరుసగా రంధ్రములు చేసినందువలననే అవి సులభముగా చిరుగుచున్నవి. రెక్సినుపై సన్నని దగ్గర కుట్టు చేయునదియు అదే పని. కుట్టునకు కుట్టునకు నడుమ సుమారు 4 మిల్లీమీటర్ల దూరముండవలెను. సూది 16వ నంబరుదో 18వ నంబరుదో కావలెను. నూలు దారము ఎండవానలకు చివికిపోవును గనుక పాలిస్టరు దారము వాడవలెను.

మరియొక చిక్కు కలదు. సాధారణ మిషనుపై క్రింది పొర ముందునకు నడచుచుండగా పై పొర పాదమునకు అంటుకొని వెనుకబడును. మొదట నూలుపోగంత తేడా. రెండు మూరలు కుట్టుసరికి గాటునకు గాటు కలియదు. పై పొరను గూడ నడిపించు పాదమున్న మిషను ఇందుకు మంచిది. అది లేనివారు రెక్సినుపై కొంచెము పౌడరు రాచి, ప్రతి గాటు కడను ఆగి, సరిచూచుకొని సాగుదురు. అట్లు ఆగుట తెలియనివాడు ఎంత వేగముగా కుట్టినను తుదకు విప్పవలసినదే.

చేతికి ఒడుపు వచ్చిన తరువాత మనస్సునకు పరీక్ష వచ్చును. కవరు లోపలి వైపును ఎవడును తిరుగవేసి చూడడు. రెండు వరుసలు కుట్టవలసిన చోట ఒక వరుసతో సరిపెట్టవచ్చును. మడతకు విడువవలసిన అర అంగుళమును పావు అంగుళము చేసి రెక్సిను మిగుల్చుకొనవచ్చును. పాత స్పాంజినే లోపలనుంచి క్రొత్తదాని ధర వ్రాయవచ్చును. బండివాడు ఆరు నెలల దాక కనుగొనలేడు. యజమాని తానే కొని తెచ్చిన రెక్సినులో మీటరు ముక్క మిగిలినచో అది యెవరిది? సీటు సందున దొరికిన చెవికమ్మ యెవరిది? ఇట్టి ప్రశ్నలు చిన్నవని తలచువారు ఆయ్దక్కి లక్కమ్మ చరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము చేయుట ఆమె పతి మారయ్య కాయకము. ఒకనాడాయన నాటి అవసరమునకు మించి తెచ్చెను. దాసోహమునకే గదా యని ఆమె ఊరకుండలేదు. ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. బియ్యము దొంగిలినది కాదు, నేలరాలినది. అయినను ఆమె అంగీకరింపలేదు. మిగిలిన రెక్సిను మీటరును చుట్టచుట్టి యజమాని చేతికిచ్చు పిల్లవాడు ఆమెకు బంధువు.

ఇంతవరకు చెప్పినది గట్టి కుట్టును గూర్చి. గట్టి కుట్టు అధర్మమగు తావు ఒకటి కలదు. ఇది నేటి కార్ల వలన వచ్చిన క్రొత్త ధర్మసూక్ష్మము.

అనేకములైన కార్లలో ముందు సీటు వీపుభాగమున, తలుపు వైపు అంచులో, గాలిసంచి యొకటి మడచియుండును. దీనినే సైడ్ ఎయిర్‌బ్యాగ్ అందురు. ప్రక్కనుండి వేరొక బండి వచ్చి గ్రుద్దినప్పుడు అది రెప్పపాటుకంటె తక్కువ కాలములో సీటు కుట్టును చీల్చుకొని వెలికివచ్చి, కూర్చున్నవాని ప్రక్కటెముకలకును తలుపునకును నడుమ నిలువవలెను. అందుకొరకు కారు చేసినవారు ఆ యొక్క చోట కుట్టు తెగునట్లు ఏర్పాటు చేయుదురు. దానిపై మన పిల్లవాడు రెండు వరుసల పాలిస్టరు దారముతో బిగువైన కవరు తొడిగినచో, సంచి సకాలమున రాజాలదు, లేదా రావలసిన దిక్కునకు రాజాలదు. ఆ వైపు తెరచి కుట్టు కవర్లు కలవు. తగిన విధముగా తెగునట్లు తయారుచేసి పరీక్షించిన కవర్లును కలవు. అంచనాతో వదులుగా కుట్టి ఇది తెగునులే యనుకొనుట మాత్రము తగదు. సీటు క్రింద పసుపుపచ్చని తొడుగులో నుండు తీగలను గూడ తాకరాదు. అవి ఆ సంచులకు చెందినవి.

ఇప్పుడు ఒక కారు వచ్చినదనుకొందము. సీటు ప్రక్కను ఎయిర్‌బ్యాగ్ అను చిన్న గుర్తు కుట్టియున్నది. యజమాని నాలుగు వైపులను మూసి, గట్టిగా, అందముగా కవరు కావలెనని కోరును.

"అయ్యా, తలుపు వైపు మూసి కుట్టలేమండి. అక్కడ గాలిసంచి ఉన్నది. తెరచి ఉంచి కుట్టెదము" అని మేస్త్రి చెప్పును.

"తెరచిన చోట పాత బట్ట కనబడును గదా! ప్రక్క దుకాణము వాడు మూసి కుట్టుదునన్నాడు."

"ఆయన సంగతి నాకు తెలియదండి. నేను మాత్రము కుట్టను."

కారు వెడలిపోవును. అది ఆ వారమున వచ్చిన పనులలో పెద్దది. దుకాణపు అద్దె దినము దగ్గరపడినది. కుట్టు గట్టిగా ఉండవలెనని రెండు నెలలుగా విన్న పిల్లవానికి ఏమియు తోచదు. "మేస్త్రీగారూ, ప్రమాదము జరుగునో జరుగదో! జరిగినను మన కుట్టు వలననే అని ఎవరికి తెలియును?" అని అడుగును. ఇది కపట ప్రశ్న కాదు. ఆకలి ఎరిగిన యింటినుండి వచ్చినవాడు అడుగదగిన ప్రశ్నయే.

నులియ చందయ్య గడ్డి కోయుచుండగా మెడలోని లింగము జారిపడినను ఆయన పని ఆపలేదని శూన్యసంపాదన చెప్పుచున్నది. లింగమునెడ ఆయనకు నిర్లక్ష్యమని కొందరు పొరబడుదురు. పనిలోనున్న లింగమును విడువనివాడు గనుకనే ఆయనకు ఆ ధైర్యము కలిగెను. మేస్త్రి ఈ కథను విన్నాడో లేదో! అతడు పిల్లవాని ప్రశ్నకు బదులు చెప్పడు. ఆ మోడలు సీటునకై వెనుకటి బండి నుండి కత్తిరించి దాచిన అట్ట కొలతను మేకునుండి తీయించును. తలుపు వైపు ముక్క యేదో చూపుమనును. పిల్లవాడు చూపును. దానిపై ఎఱ్ఱ సిరాతో "ఈ వైపు మూయరాదు" అని పెద్ద యక్షరములతో వానిచేతనే వ్రాయించి, ఇకముందు పనికి వచ్చువారికి కనబడునట్లు ఆ అట్టను మేకునకు అన్నిటికంటె పైన తగిలింపుమనును.