విశ్వాసము పరుల సొమ్ము

ధనమును దాచుటకు పెట్టెలు కలవు. ధాన్యమును దాచుటకు గాదెలు కలవు. విశ్వాసమును దాచుటకు మాత్రము నడవడి తప్ప వేరొక చోటు లేదు. ఒక నాయకుని గాని, ఒక సంస్థను గాని జనులు నమ్మినప్పుడు ఆ నమ్మకము ఎవరి సొత్తు? నమ్మినవారిదా, నమ్మకము పొందినవారిదా? ఈ ప్రశ్నకు మనము చెప్పుకొను సమాధానమును బట్టియే ఆ నమ్మకము నిలుచుటయో, నశించుటయో జరుగును.

‘ఇది నేను సంపాదించిన పేరు’ అని తలచువాడు దానిని తన మూలధనముగా ఎంచి, అవసరము వచ్చినప్పుడు ఖర్చు పెట్టుకొనును. ‘ఇది వారు నాయొద్ద దాచిన సొమ్ము’ అని తలచువాడు అడిగిన క్షణమున లెక్క చెప్పుటకు సిద్ధముగా నుండును.

1987లో హైదరాబాదున స్థాపింపబడిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ కథ తెలుగువారు మరువరానిది. పేరే సత్యము. 2008 సెప్టెంబరులో ఉత్తమ సంస్థాపాలనకై దానికి ‘గోల్డెన్ పీకాక్’ పురస్కారము లభించినది. పిమ్మట నాలుగు మాసములైనను నిండకమునుపే, 2009 జనవరి 7న, అధ్యక్షుడు రామలింగరాజు తన లేఖలో ఖాతాలలో చూపిన నగదునందు 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని తెలిపెను. ఆ ఒక్కనాడే వాటా ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయినది. మొదట చిన్నదిగా నుండిన లోటు ఏటేటా పెరిగినదనియు, పులిపై స్వారి చేయువానివలె దిగు దారి తోచలేదనియు ఆ లేఖ సారాంశము.

ఇచట ఒక ధర్మసందేహము కలదు. మొదటి లోటును బయటపెట్టినచో సంస్థకు నష్టము కలుగును. వేలాది కుటుంబముల బ్రతుకు తెరువు కదలిపోవును. వారి మేలు కోరి కొంతకాలము దాచుట దోషమా? ఈ వాదము దయవలె కనబడును గాని దయ కాదు. ఏలయన, దాచినవాడు ఆ కుటుంబములనే వారికి తెలియకుండ తాకట్టు పెట్టినాడు. నిజము తెలిసియుండినచో ఉద్యోగి వేరొక చోటు వెదకుకొనెడివాడు. మదుపరి తన సొమ్మును కాపాడుకొనెడివాడు. ఆ అవకాశమును హరించుటయే అసలు ద్రోహము. ధననష్టము దాని ఫలము మాత్రమే.

దీనికి ప్రతిగా 1982 నాటి అమెరికా సంఘటనను చూడుడు. షికాగో ప్రాంతమున ఎవరో దుర్మార్గులు టైలెనాల్ మందులో విషము కలుపగా ఏడుగురు మరణించిరి. తయారుచేసిన జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ, తప్పు తనది కాకపోయినను, సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను దేశమంతటి నుండి వెనుకకు తెప్పించి, ఎవరైన తెరచినచో తెలియునట్టి మూతలతో మందును మరల అమ్మెను. జనులు మరల కొనిరి. అయితే ఆ సంస్థయే తరువాతి కాలమున పసిపిల్లల పౌడరు విషయమై వేలాది వ్యాజ్యముల నెదుర్కొనవలసి వచ్చినది. నిన్న నిలుపుకొన్న నమ్మకము నేటికి పూచీ కాదు. ఏనాటి లెక్క ఆనాడే చెప్పవలయును.

బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భాండాగారమునకు అధికారి. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని పగవారు కొండెములు చెప్పగా, భాండాగారమును తెరచి లెక్కింపించెననియు, లోటు కనబడలేదనియు పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. ‘నన్నే శంకింతురా’ అని ఆయన అలుగలేదు. అడుగుటను అవమానముగా భావింపని గుణమే అధికారికి అలంకారము. కాయకమున వచ్చినది దాసోహమునకు చెందుననెడి భావమునకు మూలమిదే: చేతిలోనున్నదెల్ల మనది కాదు.

సత్యం సంస్థ పతనమైన పిదప ప్రభుత్వము పాత సంచాలకులను తొలగించి క్రొత్తవారిని నియమించినది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దానిని చేపట్టినది. సరిదిద్దిన లెక్కలు 2010లో వెలువడినవి. 2013లో ఆ సంస్థ టెక్ మహీంద్రాలో విలీనమైనది. పని నిలిచినది, పేరు నిలువలేదు.

ఇది పెద్ద సంస్థలకు మాత్రమే చెందిన పాఠమని మనము తప్పించుకొనరాదు. మఠమున దాసోహ నిధిని చూచు ధర్మకర్తయు, సంఘమున విద్యార్థి వసతిగృహమునకు చందాలు కూర్చు పెద్దయు, ఇంట తమ్ముల పాలు కలిపి సాగుచేయు అన్నయు పరుల నమ్మకమును మోయువారే. వారు పాటింపవలసినవి మూడు: నష్టము వచ్చిననాడే దానిని చెప్పుట, తన మనిషి కానివానిచే లెక్క చూపించుట, ప్రశ్నించినవానిని శత్రువుగా చూడకుండుట. మొదటి లోటు చిన్నదిగా నున్నప్పుడే నోరు విప్పినవానికి సిగ్గు ఒక దినము మాత్రమే. దాచినవానికి అది జన్మమంతయు వెంటాడును.