ఊయల ఎవరి కొఱకు?

ధర్మసందేహములు యుద్ధభూమియందే కలుగునని తలంపరాదు. అటకమీది పాత ఊయల విషయమునను అవి కలుగవచ్చును.

నగరమున రెండు గదుల వాటాలో కాపురముండు ఒక కుటుంబమును ఉదాహరణముగా గ్రహింతము. బిడ్డకు ఆరేండ్లు నిండినవి, బడికి పోవుచున్నది. అయినను ఆమె పసితనమునాటి కొయ్య ఊయల, దోమతెర, నడకబండి, గిలక్కాయలు, లక్కపిడతలు, పొట్టియైన గౌనుల మూటలు ఆ ఇంటిని విడువలేదు. అటక నిండిన పిదప అవి మంచము క్రిందికి, అదియు నిండిన పిదప దేవుని అలమార ప్రక్కకు చేరినవి. పూర్వమచట కూర్చుండి విష్ణుసహస్రనామ పారాయణము చేసికొను అత్తగారు ఇప్పుడు వంటింటి గుమ్మమున కూర్చుండి చదువుకొనుచున్నారు.

“వీనిని ఎవరికైన ఇచ్చివేయుదము” అని భర్త యనును. “కొంతకాలము ఉండనీయండి” అని భార్య యనును. రెండవ బిడ్డ కొఱకు ఆమె మ్రొక్కని దేవుడు లేడు. ఊయల గడప దాటినచో ఆ ఆశయు దాటిపోవునేమో యని ఆమె భయము. ఆ మాట ఆమె పైకి చెప్పదు, ఆయన అడుగడు. ఇట్లు దాచుట శాస్త్రము నిందించిన పరిగ్రహమా? లేక తల్లికి సహజమైన వాత్సల్యమా?

పతంజలి మహర్షి యోగసూత్రములందు అపరిగ్రహమును పంచయమములలో ఒకటిగా పేర్కొనినాడు. అది యోగులకే యని గృహస్థుడు తప్పించుకొనుటకు వీలులేదు. శ్రీమద్భాగవతము సప్తమస్కంధమున నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మమును ఉపదేశించుచు, ఆకలి తీరుటకు ఎంత కావలయునో అంతవఱకే దేహికి స్వత్వము కలదనియు, అంతకుమించి నాదియని అభిమానించువాడు చోరుడనియు నిష్కర్షగా పలికినాడు. ఏకాదశస్కంధమున అవధూత తేనెటీగను గురువుగా చెప్పుకొనినాడు. లోభి కూడబెట్టిన దానిని తాను అనుభవింపడు, ఒరులకు ఈయడు. తుదకు తేనె పిండువాడు తేనెపట్టును కొనిపోయినట్లు దానిని మఱియొకడు కొనిపోవును. అటకమీది మూటల విషయమునను ఇంతే. ఎలుకలు కొఱికినవి, చెమ్మ పట్టినవి పోగా మిగిలినది ఎవరికిని పనికిరాదు.

ఇంతమాత్రమున ఆ తల్లిని మందలించుట న్యాయమగునా? కాదు. అవధూత చెప్పిన ఈ పాఠమును శ్రీకృష్ణపరమాత్మ ఎవరికి వినిపించెనో స్మరింపవలెను. విన్నవాడు ఉద్ధవుడు. అంతకు పూర్వమే దశమస్కంధమున ఆ ఉద్ధవుడు కృష్ణుని దూతయై వ్రేపల్లెకు పోయియుండెను. కన్నయ్య మథురకు తరలిపోయిన పిదప, ఆయన అడుగులతో అలంకృతములైన నదిని, గిరిని, వనములను, ఆటపట్టులను చూచినంతనే తమ మనస్సు ఆయనయందే లీనమగుచున్నదని నందుడు చెప్పుకొనినాడు. కుమారుని చరితములు వినుచు యశోదాదేవి కన్నీరు కార్చినది. జ్ఞానియైన ఉద్ధవుడు వారిని మోహాంధులని నిందింపలేదు. ఆ అనురాగమును చూచి పరమానందభరితుడై వారిని కొనియాడినాడు. కాబట్టి శాస్త్రము నిందించినది ప్రేమను కాదు; ప్రేమను వస్తువునందు బంధించి, ఆ వస్తువును ఇతరులకు దక్కనీయకుండుటను.

ఈ వివేకముతో చూచినచో దాచిన సామగ్రి మూడు విధములుగా విడివడును. మొదటిది వాడుకకు వచ్చునది. చెల్లెలికో, ఆడబిడ్డకో కొలది నెలలలో పురుడు రానున్నచో ఊయలను ఆమె కొఱకు ఉంచుట దోషము కాదు. రెండవది జ్ఞాపకమునకు ఉంచునది. ఉగ్గుగిన్నె, తొలి మొలత్రాడు, ఒక బొమ్మ — ఇట్టివి ఒక చిన్న పెట్టెలో ఇముడును. బొమ్మల కొలువు పెట్టు కుటుంబములందు ఈ మర్యాద కలదు. పొణికి కొయ్యతో చేసిన కొండపల్లి బొమ్మలను, అంకుడు కొయ్యకు లక్క పూసి చేసిన ఏటికొప్పాక బొమ్మలను ఏడాదిపొడుగున పెట్టెలో ఉంచినను, పండుగనాడు వెలికితీసి, తుడిచి, మెట్లమీద నిలిపి, పేరంటాండ్రకును పిల్లలకును చూపుదురు. ఏడాది కొకమాఱైనను వెలుగు చూచునది దాచిన వస్తువు. ఎన్నడును చూడనిది పాతిపెట్టిన వస్తువు. ఇక మూడవది భయముచే ఉంచునది. ఇచ్చినచో ఏదియో పోవునను భయము తప్ప దానికి వేఱు ప్రయోజనము లేదు. ఈయవలసినది దీనినే.

అయితే ఈయుటయందును ధర్మము కలదు. పాలు ఇంకిపోయిన ముసలి గోవులను తండ్రి దక్షిణగా ఇచ్చుచుండగా బాలుడైన నచికేతుడు కలతచెందిన వృత్తాంతము కఠోపనిషత్తునందు ప్రసిద్ధము. విఱిగిన బండిని, రంగు పెచ్చులూడుచున్న బొమ్మను పేదయింటి బిడ్డకు ఇచ్చి పుణ్యమనుకొనుట ఆ ముసలి గోవుల దానము వంటిదే. బిడ్డను నడుమ కూర్చుండబెట్టి వదలు చక్రముల నడకబండి వలన పసివారు మెట్లమీదినుండి పడి గాయపడుచున్నారని కెనడా దేశమున 2004లో దాని విక్రయమునే నిషేధించిరి. అట్టిదానిని దానము చేయుటకంటె విఱిచి పాఱవేయుట మేలు. కలరా ఉండలు వేసి దాచిన బట్టలను అట్లే పసికందునకు తొడుగరాదు. పుట్టుకతో జీ-సిక్స్-పీడీ యను ఎంజైము లోపించిన శిశువులకు ఆ ఉండల ఆవిరి వలన ఎఱ్ఱ రక్తకణములు చితికి, తీవ్రమైన పసిరికలు కలుగవచ్చును. అందుచే బట్టలను ఎండిన వేపాకుతో దాచుట, ఇచ్చుటకు ముందు ఉదికి ఎండలో ఆఱవేయుట ఉచితము. పొత్తిగుడ్డలకు క్రొత్తబట్టకంటె వాడిన మెత్తని బట్టయే శ్రేష్ఠమని మన పెద్దలు ఎంచినారు కదా! శుభ్రమైన పాతబట్ట ఈయుట చిన్నతనము కాదు.

ఇక ఆ ఇల్లాలి సంగతి. శ్రీకృష్ణజయంతినాడు అత్తగారు ఆమెను పిలిచి, “ఖాళీ ఊయల ఊపరాదందురు గదా అమ్మా, మఱి ఆఱేండ్లుగా ఖాళీగా ఉంచుట మాత్రము మంచిదా? నేడు బాలకృష్ణుని పరుండబెట్టుదము” అని మృదువుగా పలికినది. ఊయల క్రిందికి దిగినది. పూజయందలి చిన్న విగ్రహమును అందుంచి ఊపుచు లాలి పాడునప్పుడు ఆ ఇల్లాలి కన్నులు చెమర్చినవి. ఎవరును కారణ మడుగలేదు. మఱునాడు ఆమెయే వీధి చివర ఇంటి బాలింతను తలచుకొని, “వారి పిల్లవానికి ఎల్లుండి బారసాల. ఊయల కొనలేదట” అని భర్తతో చెప్పినది. ఆయన ఊయలను మోసికొని పోయినాడు. ఉగ్గుగిన్నె మాత్రము ఆమె దాచుకొనినది.

ఆమె ఆశ పోయినదా? పోలేదు. బంధువుల ఇండ్లలో ఒక ఊయల ఎందఱో బిడ్డలను ఊపి, అవసరమైననాడు మరల మొదటి ఇంటికి చేరుట మన యెఱిగినదే. బిడ్డను ఇచ్చుట, ఈయకుండుట పరమాత్మ సంకల్పము. ఊయల అటకమీద ఉండుట చేత అది మాఱదు. ఆయన ఇచ్చిన వస్తువును ఆయన బిడ్డలలో మఱియొకరికి అందించుట మాత్రము మన చేతిలోనిది. శేషియైన శ్రీమన్నారాయణునికి సమస్తమును శేషమని నమ్మిన వైష్ణవునకు ఇదియు కైంకర్యమే.

దేవుని అలమార ప్రక్కన చోటు ఖాళీయైనది. అత్తగారు మరల అచటనే కూర్చుండి పారాయణము చేసికొనుచున్నారు.