చెవికి తలుపు

కంటికి రెప్ప వుంది. నోటికి పెదవులున్నాయి (అవసరానికి వాటిని మూసేవాళ్ళు తక్కువనుకోండి, అది వేరే సంగతి). చెవికి మాత్రం సృష్టికర్త తలుపు పెట్టలేదు. నిద్రలో కూడా అది తెరిచే వుంటుంది. పక్కలో పసిపిల్ల కదిలితే తల్లికి మెలకువ వచ్చేది అందుకే కదా! అటువంటి చెవిని ఎవరైనా కావాలని మూసుకుంటే మనకెందుకో తప్పుగానే తోస్తుంది. "చెవుల్లో దూది పెట్టుకున్నావా?" అన్నది మన ఇళ్ళల్లో తిట్టే గాని మెప్పు కాదు.

మా అక్క కొడుకు మోటారు సైకిల్ మీద హైదరాబాదు నించి విజయవాడ వెళ్ళి వస్తుంటాడు. బయల్దేరేముందు రెండు చెవుల్లోనూ స్పాంజిలాంటి ఇయర్ ప్లగ్గులు దోపుకుంటాడు. "వెనకాల లారీవాడు హారన్ కొడితే ఎలా వినపడుతుందిరా? నీ ఒక్కడి రోడ్డా అది?" అంటుంది మా అక్క. పైకి చాదస్తంలా వున్నా ఆ ప్రశ్న చిన్నదేం కాదు. రోడ్డు పదిమందిదీ. అక్కడ వినడం కూడా ఒక బాధ్యతే. తన చెవిని కాపాడుకోవడం కోసం ఇతరుల చప్పుడు తగ్గించుకునే హక్కు మనిషికి వుందా?

ముందు ఆ హెల్మెట్ లోపల ఏం జరుగుతోందో చూడాలి. రొదంతా ఇంజనుదనుకుంటాం. కాదు. వేగం 60, 70 దాటాక ఇంజను చప్పుణ్ణి గాలి హోరు మింగేస్తుంది. గంటకి 100 కిలోమీటర్ల దగ్గర అది చెవి పక్కన సుమారు 95 నుంచి 100 డెసిబెల్స్ వుంటుంది. హెల్మెట్ తలకి రక్షణే గాని చెవికి అంతగా కాదు. 85 డెసిబెల్స్‌ని రోజుకి 8 గంటలు భరించవచ్చనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ వ్యవధి సగానికి తగ్గుతుందనీ నిపుణుల లెక్క. 100కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ఆ లెక్కన చౌటుప్పల్ కూడా రాదు!

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి అర వుంది. అందులో వెంట్రుకల్లాంటి కొనలున్న కణాలు సుమారు 15 వేలు. అవి పోతే మళ్ళీ రావు. కోళ్ళకి వస్తాయి, మనిషికి ఆ వరం లేదు. మోకాలు గీసుకుంటే రక్తం కారుతుంది, అమ్మ పసుపు అద్దుతుంది. ఇక్కడ రక్తం లేదు. బండి దిగాక చెవులు గుయ్యిమంటాయి, తెల్లారేసరికి తగ్గిపోతుంది, ఏమీ కాలేదనుకుంటాం.

ఇక హారన్ సంగతి. ప్లగ్గు పెట్టుకుంటే హోరూ తగ్గుతుంది, హారనూ తగ్గుతుంది. హోరులోంచి హారన్ పైకి తేలడం మాత్రం పోదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నవాణ్ణి గుడ్డివాడంటామా? అమెరికాలో కాలిఫోర్నియా చట్టం, బండి నడిపేవాళ్ళు రెండు చెవులూ మూసుకోకూడదంటుంది. అయినా హారనూ సైరనూ వినపడనిచ్చే రక్షణ ప్లగ్గులకి అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. ఊళ్ళోకొచ్చి 30లో నడిపేటప్పుడు మటుకు గాలి హోరు వుండదు గనక ప్లగ్గులు తీసి జేబులో వేసుకోవాల్సిందే. అక్కడ మా అక్కదే న్యాయం. అన్నట్టు, సైలెన్సర్ మార్పించి వీధంతా దద్దరిల్లేలా తిరిగే కుర్రాళ్ళున్నారే, వాళ్ళు చెవులు మూసుకోరు, మనచేత మూయిస్తారు. "నీ ఒక్కడి రోడ్డా?" అని వాళ్ళనెవరూ అడగరేం?

అసలు చెవి ఎవరిది? మా మేనమామ ముప్ఫై ఏళ్ళు రైసుమిల్లులో పనిచేశారు. యాభై అయిదు నిండకుండానే వినికిడి మందగించింది. ఆయనకేం, హాయిగా పేపరు చదువుకునేవారు. కష్టమంతా అత్తయ్యది. ప్రతి మాటా మూడుసార్లు చెప్పాలి. మూడోసారికి గొంతు లేస్తుంది. లేస్తే, "ఎందుకలా అరుస్తావ్?" అని ఆయనకి కోపం. రాను రాను ఆవిడ మాటలు ఏరుకోవడం మొదలెట్టింది. అన్నం వడ్డించాను, కరెంటు బిల్లు కట్టాలి, పెద్దాడు ఫోన్ చేశాడు - అంతే. జాజితీగ మొగ్గ తొడిగిందనీ, పక్కింటి పిల్ల అచ్చం వాళ్ళ నానమ్మలా నడుస్తోందనీ ఎవరు అరిచి చెబుతారు చెప్పండి? సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద పక్కపక్కనే కూర్చునేవారు. చెప్పుకోవడానికేమీ లేనట్టు వుండేది. లేక కాదు.

అది చూసినదాన్ని గనక మావాడి ప్లగ్గులు నాకు స్వార్థంగా తోచవు. వాడు కాపాడుకుంటున్న చెవి వాడికంటే వాడింట్లోవాళ్ళకే ఎక్కువ కావాలి.

అయితే వెనక సీటు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ వుండాలంది గనక మనకీ ఒకటి కొంటున్నారు. ప్లగ్గులు మాత్రం ఒక్క జతే. "నువ్వు నడపవుగా!" అంటారు. ముందున్నదెవరో వెనకున్నదెవరో గాలికేం తెలుసు? మందుల షాపులో దొరుకుతాయి, మనమే తెచ్చుకుందాం. ప్లగ్గుని వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. ఆ లాగడం, ఎక్కాలు రాకపోతే మాష్టారు లాగినట్టే వుంటుంది గాని నొప్పి పుట్టదు.